దీవుల ఓడలో మూడు రేవులు

రైలుబండికి కాలపట్టిక ఉన్నది. ఆ పట్టిక తప్పినప్పుడు కోపగించుకొనుటకు స్టేషను మాస్టరు ఉన్నాడు. దీవులకు పోవు ఓడకును కాలపట్టిక ఉన్నది గాని, దానిపై చివరి సంతకము సముద్రునిది. ఈ సంగతి పుస్తకములలో చదివి తెలిసికొనుట వేరు. ఇరువదిరెండు మందిని వెంటబెట్టుకొని పోయి తెలిసికొనుట వేరు.

2019వ సంవత్సరమున సంక్రాంతి వెళ్ళిన తరువాత బెంగళూరులోని మన తెలుగువారము ఇరువదిరెండుగురము కొచ్చి రేవునుండి ఓడలో లక్షద్వీపములకు పోయి వచ్చినాము. ఏర్పాట్ల భారము నామీద పడినది. ఎక్కడెక్కడ దిగవలెను, దిగినపిమ్మట దేనిమీద పోవలెను, ఎన్ని గంటలకు తిరిగి ఓడ చేరవలెను — ఆ భారమంతయు ఈ మూడు ప్రశ్నలే. కాశీరామేశ్వరములకు యాత్ర చేయువారికి దారి చెప్పు పెద్దలు మనలో కొల్లలుగా నున్నారు. దీవులకు దారి చెప్పువారు మాత్రము నాకు ఒక్కరును దొరకలేదు. అందువలన ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

లక్షద్వీపములు పేరునకు లక్ష; లెక్కకు ముప్పదియారు. వానిలో జనులు నివసించునవి పది మాత్రమే. అన్నిటి భూమిని కలిపి కొలిచినను 32 చదరపు కిలోమీటర్లు. 1956 నవంబరు 1వ తేదీన ఇవి కేంద్రపాలిత ప్రాంతమైనవి. 1964లో పరిపాలన కార్యాలయము కోళిక్కోడునుండి కవరత్తికి మారినది. 1973లో లక్షద్వీపములను పేరు స్థిరపడినది. స్థానికులు కానివారు అనుమతిపత్రము లేక అడుగు పెట్టరాదు. నైరుతి ఋతుపవనము వీచు నెలలలో సముద్రము విహారయాత్రికులకు తగినది కాదు. కనుక దసరా తరువాతను, ఎండలు ముదురక ముందును పోవలెను. కొచ్చినుండి కల్పేని 287 కిలోమీటర్లు, మినికాయి 398, కవరత్తి 404. మాకు చూపదలచిన దీవులు ఈ మూడే. రాత్రులు ఓడలో నిద్ర, పగళ్ళు దీవిలో విహారము, అయిదవనాటి ఉదయమునకు మరల కొచ్చి. కాగితముమీద ఇంత సుళువైన యాత్ర మరియొకటి లేదు.

చిక్కు ఎక్కడున్నదనగా, పెద్ద ఓడ దీవిని తాకదు. ఇవి పగడపు దీవులు. దీవి సామాన్యముగా తూర్పు అంచున సన్నగా సాగియుండును. దానికి పడమట లోతులేని పగడపు కొలను. కొలనును చుట్టి నీటి మట్టమునకు వచ్చీరాకుండ నుండు పగడపు గట్టు. ఆ గట్టునకు అవతల సముద్రము ఒక్కసారిగా అగాధమగును. ఓడ గట్టునకు వెలుపలనే నిలుచును. దీవినుండి యంత్రపు పడవలు వచ్చి ఓడ ప్రక్కన చేరును. ఓడ డొక్కలోని తలుపు తెరచెదరు. అక్కడనుండి పడవలోనికి అడుగు వేయవలెను.

ఆ ఒక్క అడుగే యాత్రలోని అసలైన రేవు. ఓడ పెద్దది గనుక మెల్లగా ఊగును. పడవ చిన్నది గనుక ప్రతి కెరటమునకును లేచి పడును. పడవ అంచు ఒక క్షణము తలుపు గడపతో సమముగా వచ్చును. మరుక్షణము మనిషి ఎత్తు దిగిపోవును. పైకి లేచి నిలిచిన ఆ అరక్షణములోనే అడుగు వేయవలెను. పడవవాండ్రు ఇద్దరు భుజములు పట్టుకొని, 'ఇప్పుడు' అని కేక వేయుదురు. వారి మాట వినినవానికి భయము లేదు. తనంతట తాను లెక్కగట్టుకొనువాడే తడబడును. చేతులు రెండును ఖాళీగా ఉండవలెను; సంచి వీపున ఉండవలెను; చీర కుచ్చెళ్ళు బిగించి దోపుకొనవలెను. ఈ మూడు సంగతులు మా ఆడువారికి బెంగళూరులోనే చెప్పితిని. 'ఇన్ని చెప్పి భయపెట్టుచున్నారు' అని నాకు చీవాట్లు వచ్చినవి. దిగిన తరువాత ఆ చీవాట్లను ఎవరును తిరిగి తీసికొనలేదు.

మా బృందములో మా పెదనాన్నగారు ఉన్నారు. అప్పటికి వారికి ఎనుబది ఏండ్లు. మోకాళ్ళు రెండును అరిగినవి. చేతికర్ర లేక పది అడుగులు వేయలేరు. వారు విశాఖపట్నపు ఓడల కర్మాగారములో ఇరువదియవ ఏట చేరి, 1997లో విరమించినారు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో నెలకొల్పిన ఆ కర్మాగారమునుండి 1948 మార్చి 14న 'జలఉష'ను జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి వదలినారు. అప్పుడు పెదనాన్నగారు తొమ్మిదేండ్ల పిల్లవాడు. తండ్రి భుజముమీద కూర్చుండి చూచినారట. తరువాత ముప్పదియెనిమిది ఏండ్లు ఇనుప పలకలు అతికినారు. కాని ఓడలో ప్రయాణము చేయలేదు. 'ఏరా, నేను చెయ్యి పెట్టిన ఓడలు ఎన్ని దేశాలు తిరిగాయో లెక్క లేదు. నేను మాత్రం కంచరపాలెం నుంచి గాజువాక దాకా తిరిగాను' అని నవ్వుచు చెప్పెడివారు. ఆ నవ్వులో కొంచెము కొరత ఉండెడిది.

మేము ఎక్కవలసిన ఓడ పేరు 'కవరత్తి'. ఏడువందలమంది పట్టు ఆ ఓడ విశాఖపట్నములోనే తయారైనది. పెదనాన్నగారు విరమించిన పది పదునొకండు ఏండ్ల తరువాత కొలువులోనికి వచ్చినది. ఈ సంగతి ఆయన చెవిని పడిన దినమునుండి మా ఇంట మరియొక మాట లేదు.

సంఘములో మాత్రము మాట వేరుగా నడచినది. అనుమతిపత్రముల కొరకు పేర్లు వ్రాయునాటి సాయంత్రము ఒకరు లేచి, 'పెద్దాయన్ని తీసుకురావద్దనడం లేదు. కాని ఓడ నిలిచేది ఎనిమిది గంటలు. అందులో రెండు గంటలు దిగడానికి, ఎక్కడానికి పోతాయి. ఒక్కరి కోసం ఇరవైమంది ఆగితే మిగిలేదేమిటి?' అని అడిగినారు. మాట కఠినముగా వినబడినది గాని లెక్క తప్పు కాదు. డబ్బు అందరును సమానముగా పెట్టుకొన్నారు. ఆ దీవులను మరల చూడగలమన్న ఆశ చాలమందికి లేదు. మా ఇంటిలోనో, మా అత్తయ్య గట్టిగా అడ్డుచెప్పినది: 'నీటిమీద ఏమైనా అయితే ఎవరు పూచీ?' అని. నేను ఇద్దరికిని సమాధానము చెప్పవలసి వచ్చినది. ఉపన్యాసముతో కాదు, కాగితముతో.

ఆ కాగితము నాకు నేటికిని ముచ్చటగనే తోచును. దానిలో దినములు లేవు, దీవులే ఉన్నవి. సోమవారము ఇది, మంగళవారము అది అని వ్రాసికొన్నచో ఓడ వరుస మారిననాడు కాగితమంతయు చింపవలసి వచ్చును. అందుచేత ప్రతి దీవికిని ఒక పుట. ప్రతి పుటలోను మొదట వ్రాసినది తిరుగు పడవ వేళ. దానినుండి వెనుకకు లెక్కించుకొనుచు మిగిలినవి. బృందమును రెండుగా విభజించినాను. నడువగలవారు మొదటి పడవలో పోయి తమ దారిన తాము చూచుకొందురు. పెదనాన్నగారు, మోకాళ్ళ నొప్పులున్న మరి ముగ్గురు, నేను, నా భార్య నడిమి పడవలో పోదుము. మొదటి పడవలో తొందర ఎక్కువ. చివరి పడవవారికి దీవిలో మిగులు కాలము తక్కువ. నడిమి పడవ వచ్చువేళకు తోపులాట తగ్గును, పడవవాండ్రకు ఆనాటి కెరటపు నడక చేతికి వచ్చును. ఒక బృందము కొరకు మరియొక బృందము ఆగనక్కరలేదు. ఆక్షేపించినాయన కాగితమును రెండు మారులు చదివి, 'ఇలా అయితే సరే' అన్నారు. యాత్రలో పెదనాన్నగారి కర్రను మోసినవారు ఆయనే.

కొచ్చిలో ఓడ ఎక్కునది విల్లింగ్‌డన్ దీవినుండి. అదియు ఒక దీవియే గాని, దేవుడు చేసినది కాదు. రేవును లోతుచేయునప్పుడు త్రవ్విన మట్టిని పోసి రాబర్ట్ బ్రిస్టో అను ఇంజనీరు చేయించినది. 1928 మే 26న 'పద్మ' అను స్టీమరు ఆ రేవులోనికి మొదటగా వచ్చినది. దీవులను చూడబోవువారు మొదట చూడవలసిన దీవి ఇదే. మేము ఎర్నాకుళములో ఒక పూట ముందుగా దిగినాము. ఓడ బయలుదేరునాటి ఉదయమునకు చేరు రైలును నమ్ముకొనుట నాకు సమ్మతము కాదు. రైలు ఆలస్యమైనచో ఓడ ఆగదు. తరువాతి ఓడలో చోటు దొరకదు.

ఓడ ఎక్కిన గంటకు ప్రకటన వినవచ్చినది: మొదటి దీవి కవరత్తి కాదు, కల్పేని, పిదప మినికాయి, చివర కవరత్తి. ప్రక్క బృందములవారు కాగితములు దిద్దుకొనుచుండగా మేము పుటలు మాత్రము తిరగవేసినాము. ఈ ఒక్క గర్వమునకు పాఠకులు నన్ను క్షమింతురు గాక.

కల్పేనివద్ద సముద్రము చాప పరచినట్లున్నది. పెదనాన్నగారు తలుపువద్ద నిలిచి, కర్రను అవతలివారికి అందించి, పడవవాని భుజముమీద చేయి వేసి, కేక వినబడగనే దిగినారు. ఏమియు జరగలేదు. కల్పేని చిన్నది. తూర్పు తీరమున పగడపు రాళ్ళు పెద్ద కట్టవలె పేరుకొని ఉన్నవి. 1847లో వచ్చిన గొప్ప తుపాను వానిని ఎగవేసినదని నమ్మకము. పడమట కొలనులో నీరు ఎంత తేటగా నున్నదనగా పడవ నీడ అడుగున ఇసుకమీద కదలుట కనబడును. ఇక్కడ వాహనముల కొరకు ఆరాటపడనక్కరలేదు. ఒడ్డుననే రోజంతయు గడపవచ్చును. నడువగలవారు ఈతకు పోయినారు. మేము కొబ్బరిచెట్ల నీడను కూర్చుండి బొండములు త్రాగినాము. భోజనమునకు బియ్యము, కూర, పులుసు, వానితోపాటు తూర చేప ఉన్నవి. శాకాహారులము సంచులు విప్పి గోంగూర పచ్చడి తీసినాము. వడ్డించు దీవివాసి ఒకడు దానిని రుచిచూచి కన్నులు తుడుచుకొని, మరల చేయి చాపినాడు.

మినికాయి సంగతి వేరు. ఈ దీవి మిగిలినవాటికి దూరముగా దక్షిణమున నున్నది. నడుమ తొమ్మిది డిగ్రీల కాలువ అను లోతైన సముద్రము. భాష కూడ వేరు: మిగిలిన దీవులలో మలయాళమునకు దగ్గరి మాట, ఇక్కడ మాల్దీవులవారి మాటకు చెందిన మహల్. పదకొండు గ్రామములు, ప్రతి గ్రామమునకును ఒక పెద్ద, ఒక ఉమ్మడి ఇల్లు. దీవి పొడవు పది కిలోమీటర్లకు దగ్గర. దక్షిణపు కొసను 1885లో కట్టిన దీపస్తంభము. నడచి చూడదగిన దూరము కాదు. కాబట్టి మినికాయి పుటలో నేను వాహనములకే ఎక్కువ చోటిచ్చితిని: దిగగనే బండి మాటాడుకొనుట, మొదట దీవి కొసకు పోవుట, తిరుగుదారిలో గ్రామములను చూచుట. దూరమైనదానిని ముందు చూచి దగ్గరిదానిని చివరకు ఉంచుకొన్నచో, వేళ మించినను విడిచిపెట్టునది చిన్నది.

ఆనాటి ఉదయము కెరటము పెరిగినది. మొదటి పడవ ఎట్లో పోయినది. నడిమి పడవ వచ్చువేళకు పడవ అంచు గడపకు పైకి లేచి, క్రిందికి నిలువెత్తున పడుచున్నది. తలుపువద్దనున్న ఓడ అధికారి పెదనాన్నగారి మోకాళ్ళవైపు చూచి, వృద్ధులు ఆగవలెనని మర్యాదగా చెప్పినాడు. పెదనాన్నగారు ఆగలేదు. 'నాకంటే ఈ ఓడ సంగతి వీడికెక్కువ తెలుసా?' అని తెలుగులో అన్నారు. పడవవాండ్రు నలుగురు ఎత్తి దింపెదమన్నారు. 'మూటలా మోయిస్తావుట్రా నన్ను?' అని ఆ కోపము నామీదికి తిరిగినది.

వెనుక జనము నిలిచియున్నారు. నేను బండి మాటాడవలెను. బృందము నాకొరకు ఒడ్డున చూచుచుండును. బండి కాగితము, డబ్బు సంచి నా భార్య చేతికిచ్చి, మిగిలిన ముగ్గురిలో ధైర్యముగల ఇద్దరితో ఆమెను పంపించి, నేను ఓడలో ఉండిపోయినాను. దీపస్తంభము ఎక్కి చూచినవారు ఆ కొలను రంగులను గూర్చి నేటికిని చెప్పుచుందురు. నేను దానిని ఓడమీదనుండియే, తెల్లని గీతవలె చూచినాను.

పెదనాన్నగారు ఒక గంట నాతో మాటాడలేదు. పిదప లేచి, కర్ర పుచ్చుకొని, ఓడంతయు చూడవలెనన్నారు. జనము దిగిపోయిన ఓడ ఖాళీ బడివలె నిశ్శబ్దముగా నున్నది. ఆయన గోడలమీద చేయి ఆనించుకొనుచు నడచినారు. రంగు క్రింద పలకల అతుకు వ్రేలికి తగిలినచోటనెల్ల ఆగినారు. ఒకచోట చాలసేపు నిలిచి, 'ఈ అతుకు వేసినవాడిది ఎడమచేతి వాటం. పూస ఇటునుంచి అటు పోయింది చూడు. చెయ్యి మంచిది' అన్నారు. నాకు గోడ తప్ప ఏమియు కనబడలేదు. ఎవరో ఇద్దరు ముగ్గురు శిష్యుల పేర్లు చెప్పి, వారిలో ఎవడు ఎడమచేతివాడో జ్ఞాపకము చేసికొనుటకు ప్రయత్నించినారు. ఎవరును కుదరలేదు. మధ్యాహ్నము భోజనమువేళ నా కంచములో తమ అప్పడము వేసినారు. కోపము పోయినదని దానికి అర్థము.

మూడవ దీవి కవరత్తికి మేము చేరినది శుక్రవారము. దీవులలో మహమ్మదీయులే దాదాపు అందరును; శుక్రవారము మధ్యాహ్నము ఆటో నడపువాడును, అంగడివాడును మసీదునకు పోవుదురు. పదకొండున్నరలోపల తిరుగుట ముగించవలెను. లేదా రెండు గంటల తరువాత మొదలుపెట్టవలెను. వారి వేళను మన్నించి మన వేళను దిద్దుకొనుటయే సులభము. దుస్తులును నిండుగా ఉండవలెను. ఈ రెండింటిని ముందుగా చెప్పినందువలన ఎవరికిని ఇబ్బంది కలుగలేదు.

కెరటము తగ్గినది. పెదనాన్నగారు పడవవానిని తామే పిలిచి, భుజము చూపించి, కేకకు ముందుగనే సిద్ధముగా నిలిచి దిగినారు. ఒడ్డున రెండు ఆటోలు మాటాడినాను. ముందుగా ధర, తరువాత తిరిగి రేవు చేర్చవలసిన వేళ. రెండవదానిని డ్రైవరుచేత మరల చెప్పించుకొన్నాను. దీవి పొడవు ఆరు కిలోమీటర్లకు లోపు గనుక నెమ్మదిగా చూచినను ఒక పూట చాలును. చెక్కడపు కొయ్యపనికి పేరుపొందిన ఉజ్రా మసీదును వెలుపలినుండి చూచినాము. పైకప్పులోని ఆ చెక్కడమంతయు సముద్రములో కొట్టుకొనివచ్చిన కొయ్యతో చేసినదని దీవివాసులు చెప్పుదురు.

కవరత్తిలో పెదనాన్నగారిని ఆకట్టుకొన్నది మంచినీటి కర్మాగారము. ఈ దీవులలో ఏరు లేదు, చెరువు లేదు. వాననీరు ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటిపై తేలి సన్నని పొరగా నిలుచును; ఎక్కువగా తోడినచో ఉప్పు పైకి వచ్చును. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు 2005లో ఇక్కడ దినమునకు లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చు యంత్రమును నిలిపినారు. పైనున్న వెచ్చని సముద్రజలమును గాలి తీసివేసిన గదిలో ఆవిరిచేసి, లోతునుండి గొట్టముతో తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చెదరు. పగడపు గట్టు దాటగనే అగాధమగుటచేతనే ఈ చల్లని నీరు అంత దగ్గరగా దొరకుచున్నది. మా ఓడను దూరముగా నిలిపిన లోతే దీవికి నీరు త్రాగించుచున్నదన్నమాట. ఈ సంగతి చెప్పగా పెదనాన్నగారు ఆటో ఆపించి, ఆ కర్మాగారమును వెలుపలినుండియే చూచి, గొట్టము ఎన్ని అంగుళములని అడిగినారు. నాకు తెలియదన్నాను. 'ఇంత కాగితం రాశావు, అది రాయలేదా?' అన్నారు.

తరువాత కొలను ఒడ్డున ఒక పడవ అంచుమీద కూర్చుండి, పంచె మోకాళ్ళవరకు ఎత్తి, పాదములు నీటిలో ఉంచినారు. అరగంట ఏమియు మాటాడలేదు. తిరుగు పడవకు వేళ అయినదని చెప్పితిని. 'నడిమి పడవ వద్దు, ఆఖరి పడవలో వస్తాను' అన్నారు. కాగితములో అట్లు లేదు. అయినను చివరి పడవవరకు ఆగినాము. కర్ర మోయు పెద్దమనిషియు మాతోనే ఆగినారు.

ఆ సంవత్సరము చివర మైసూరునుండి మన తెలుగువారు కొందరు అదే యాత్రకు ఏర్పాట్లు చేసికొనుచు నా కాగితము అడిగినారు. దీవికొక పుట చొప్పున మూడు పుటలును పంపినాను. కవరత్తి పుట అంచున పెదనాన్నగారు పెన్సిలుతో ఒక మాట చేర్చినారు: 'గొట్టం కొలత అడిగి తెలుసుకొని రావలెను.'